కాటా చీటీలో 4:12, కెమెరాలో 4:31: కంప్యూటర్ గడియారాన్ని నెట్‌వర్క్ సమయంతో సరిచేసుకునే పద్ధతి

గుంటూరులో మిర్చి సీజను ఊపందుకున్న రోజుల్లో ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోను వచ్చింది. కంప్యూటర్ పాడైందా అని అడిగాను. "పాడవలేదండీ, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అదే మా ప్రాణం మీదికి వచ్చింది" అన్నారు గుమాస్తా గారు.

వెళ్లాక తెలిసింది తగవు ఏమిటో. రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు) తక్కువ వచ్చాయని లారీ డ్రైవరుకూ గిడ్డంగి వాళ్లకూ మాట పట్టింపు. ఆ లారీ ఎప్పుడు తూగిందో తేలితే తక్కిన లెక్క దానంతటదే తేలుతుంది. కాటా చీటీ మీద సాయంత్రం 4:12 అని అచ్చయి ఉంది. సీసీ కెమెరా రికార్డులో అదే లారీ 4:31కి కాటా ఎక్కుతోంది. గేటు పుస్తకంలో 4:20కి లోపలికి వచ్చినట్టు కాపలాదారు రాశాడు. చీటీని నమ్మితే లారీ గేటు దాటడానికి ఎనిమిది నిమిషాల ముందే కాటా మీద నిలబడి ఉండాలి! ఆఫీసు గోడ గడియారం అసలు సమయానికి మరో అయిదు నిమిషాలు ముందు నడుస్తోంది. అది యజమాని కావాలని పెట్టించుకున్నది కాబట్టి దాని జోలికి ఎవరూ వెళ్లరు.

నెట్ సమయంతో నడిచే నా ఫోనును పక్కన పెట్టి చూశాను. కాటా కంప్యూటర్ 14 నిమిషాలు వెనక, కెమెరా రికార్డరు 5 నిమిషాలు ముందు. ఆ తేడాలు సర్దితే రెండూ 4:26 దగ్గర కలిశాయి. తన ఫోను చూసి రాసిన కాపలాదారు ఒక్కడిదే సరైన సమయం.

ఆ రోజు అక్కడ చేసిన పనినే వరుసగా రాస్తున్నాను. బ్రాడీపేటలో ఒక్క కంప్యూటర్ ఉన్న జిరాక్స్ కొట్టుకైనా, విజయవాడ ఆటోనగర్‌లో పది కంప్యూటర్లు ఉన్న విడిభాగాల దుకాణానికైనా పద్ధతి ఇదే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: గడియారాన్ని చేత్తో సరిచేయడం జబ్బును దాచడమే. ఈ రోజు దిద్దితే ఆరు నెలలకు మళ్లీ తప్పుతుంది. యంత్రమే అడిగి తెలుసుకునేలా ఒకసారి ఏర్పాటు చేస్తే చాలు.

ఇంకొక మాట. ఆదేశాలను, సర్వర్ పేర్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగు లిపిలో రాశాను. కంప్యూటర్లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. చుక్కలు, వాలు గీతలు, ఖాళీలు ఇక్కడ ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి.

గడియారం ఎందుకు తప్పుతుంది

ప్రతి కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఒక చిన్న క్వార్ట్‌జ్ స్ఫటికం ఉంటుంది. సెకనుకు 32,768 సార్లు కంపించేలా దాన్ని కోస్తారు. రెండును పదిహేనుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. సగానికి సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒక సెకను దగ్గర ఆగుతుంది. చేతిగడియారాల్లో ఉండేదీ ఇదే. ఈ స్ఫటికాల్లో పది లక్షలకు ఇరవై వంతుల తేడా మామూలు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది కానీ, రోజుకు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైమాటే. ఆ లెక్కన 14 నిమిషాలు వెనకబడడానికి ఏడాది నాలుగు నెలలు చాలు. ఈ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర కుదురుగా ఉండి, అంతకంటే వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. రేకుల కప్పు కింద ఉన్న కాటా గదిలో, గుంటూరు ఏప్రిల్ ఎండలో, అది వెనకబడిందంటే తప్పు దానిది కాదు.

కంప్యూటర్ ఆపేసినప్పుడు ఆ స్ఫటికాన్ని నడిపించేది రూపాయి బిళ్లలాంటి 3 వోల్టుల బ్యాటరీ. దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. అది అయిపోతే గడియారం నెమ్మదించడం కాదు, ఏకంగా ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది.

సమయ సర్వర్ ఏం చేస్తుంది

సరైన సమయం చెప్పే కంప్యూటరే సమయ సర్వర్. దాన్ని నెట్‌వర్క్ మీదుగా అడిగి గడియారం సరిచేసుకునే పద్ధతి పేరు నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, పొట్టిగా ఎన్‌టీపీ. అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్ రూపొందించిన ఈ పద్ధతి 1985 నుంచి వాడుకలో ఉంది. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో రూపం, 2010లో ప్రమాణంగా వెలువడింది.

సర్వర్‌ను "ఇప్పుడు టైము ఎంత?" అని అడిగితే జవాబు వచ్చేసరికే అది పాతబడుతుంది. పక్కవీధికి కుర్రాణ్ణి పంపి టైము కనుక్కుని రమ్మన్నట్టే: వాడు తిరిగొచ్చి "పది" అనేసరికి పది దాటి ఉంటుంది. కాబట్టి ఎన్‌టీపీ నాలుగు సమయాలు రాసుకుంటుంది: ప్రశ్న మన దగ్గర బయలుదేరినప్పుడు, సర్వర్‌ను చేరినప్పుడు, జవాబు అక్కడ బయలుదేరినప్పుడు, మన దగ్గరికి చేరినప్పుడు.

లెక్క చూడండి. మన గడియారం సరిగ్గా 3 సెకన్లు వెనక ఉందనుకుందాం. మన లెక్కలో 10:00:00.000కి ప్రశ్న బయలుదేరింది. దారిలో 20 మిల్లీసెకన్లు పట్టి, సర్వర్ గడియారంలో 10:00:03.020కి చేరింది. సర్వర్ ఒక మిల్లీసెకను ఆలోచించి 10:00:03.021కి జవాబు పంపింది. మళ్లీ 20 మిల్లీసెకన్ల ప్రయాణం తర్వాత మన గడియారంలో 10:00:00.041కి అందింది. వెళ్లేటప్పుడు కనిపించిన తేడా 3.020 సెకన్లు, వచ్చేటప్పుడు కనిపించినది 2.980. రెండింటి సగటు సరిగ్గా 3.000. ప్రయాణంలో పోయిన కాలం దానంతటదే కొట్టుకుపోయింది.

ఇందులో ఒక లొసుగు ఉంది. పోయే దారి, వచ్చే దారి సమానమని ఈ లెక్క నమ్ముతుంది. వెళ్లడానికి 20, రావడానికి 60 మిల్లీసెకన్లు పడితే ఫలితంలో 20 మిల్లీసెకన్ల తప్పు దొర్లుతుంది. ఫోను హాట్‌స్పాట్ మీద నడిచేవాళ్లకు ఈ బెడద ఎక్కువ. మిర్చి కాటాకు దానితో వచ్చే నష్టం ఏమీ లేదు.

సర్వర్లకు అంతస్తులు ఉంటాయి, వాటిని స్ట్రాటమ్ అంటారు. అణు గడియారం, ఉపగ్రహ గ్రాహకం లాంటి మూలం సున్నా. దానికి నేరుగా అతికిన సర్వర్ 1. దాన్ని అడిగేది 2. ఇలా 15 వరకు. 16 కనిపిస్తే ఆ గడియారానికి ఎవరి అండా లేదని అర్థం.

మొదట చేయవలసింది: దిద్దకుండా రాసుకోవడం

ఇది చాలామంది దాటేసే మెట్టు. నేను మాత్రం అసలు పనికంటే దీన్నే ముఖ్యంగా చూస్తాను. గడియారం సరిచేసిన మరుక్షణం పాత చీటీలకూ, పాత రికార్డింగులకూ ఉన్న తేడా ఎంతో చెప్పే ఆధారం మాయమవుతుంది. కాబట్టి కంప్యూటర్ తెరను, పక్కనే ఫోను గడియారాన్ని ఒకే ఫొటోలో పట్టేలా తీయండి. సెకన్లు కనిపిస్తే మరీ మంచిది. కెమెరా రికార్డరుకూ అలాగే. ఆపైన ఒక పుస్తకంలో "ఫలానా తేదీన కాటా కంప్యూటర్ 14 నిమిషాలు వెనక ఉండగా సరిచేశాం" అని రాసి సంతకం చేయించండి. పాత బిల్లుల సమయాలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దిద్దవద్దు.

ఇంకో జాగ్రత్త: బిల్లింగు, కాటా సాఫ్ట్‌వేర్లను మూసేయండి. గడియారం వెనక్కి జరిగితే 51వ నంబరు చీటీ 50వ దానికంటే ముందు పుట్టినట్టు కనిపిస్తుంది. కొట్టు కట్టేశాక చేసుకుంటే ఏ గొడవా ఉండదు.

బ్యాటరీ సంగతి

కంప్యూటర్ను ప్లగ్గు నుంచి తీసి పావుగంట ఆగి మళ్లీ పెట్టండి. తేదీ కొన్నేళ్ల వెనక్కి పోతే బ్యాటరీ అయిపోయిందన్నమాట. ప్లగ్గు తీసి, పెట్టె తెరిచి, పక్కనున్న చిన్న లోహపు నాలుకను నొక్కితే బిళ్ల పైకి లేస్తుంది. కొత్తదాన్ని కూడిక గుర్తు పైకి ఉండేలా పెట్టండి. చేతిగడియారాలు బాగుచేసే కొట్లలో కూడా ఇది దొరుకుతుంది.

నెట్ సమయం వచ్చాక బ్యాటరీ ఎందుకని అడుగుతారు. కారణం ఉంది. తేదీ ఏళ్ల వెనక ఉంటే బ్రౌజరు భద్రతా ధ్రువపత్రాలను "ఇంకా అమల్లోకి రాలేదు" అని తిరస్కరిస్తుంది, బ్యాంకు సైటు తెరుచుకోదు. పైగా విడిగా నడిచే విండోస్ యంత్రం 15 గంటలకు మించిన తేడాను తనంతట తాను దిద్దుకోదు. ఇంత తేడా చెబుతున్న సర్వరే తప్పేమో అని అనుమానిస్తుంది. అప్పుడు తేదీని, గంటను ఒక్కసారి చేత్తో దగ్గరకు తెచ్చి, ఆ తర్వాత సర్వర్‌కు అప్పగించాలి. చేత్తో దిద్దడాన్ని నేను ఒప్పుకునే సందర్భం ఇదొక్కటే.

టైమ్ జోన్

సర్వర్లు పంపేది ప్రపంచ సమయం, యూటీసీ. దానికి అయిదున్నర గంటలు కలిపి మన సమయంగా చూపేది మీ కంప్యూటర్. జోన్ తప్పుగా ఉంటే సర్వర్ ఎంత ఖచ్చితంగా చెప్పినా గంటల కొద్దీ తేడా వస్తుంది, దాన్ని చేత్తో దిద్దితే చిక్కు రెండింతలవుతుంది.

విండోస్ జాబితాలో +05:30 కింద "చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ" అన్నదాన్ని ఎంచుకోండి. దాని దగ్గర్లోనే "శ్రీ జయవర్ధనెపుర" కూడా అదే +05:30తో ఉంటుంది. అది శ్రీలంక సమయం. ఇప్పుడు రెండూ ఒకటే కానీ, శ్రీలంక తన సమయాన్ని పలుమార్లు మార్చి 2006లోనే మళ్లీ మన లెక్కకు వచ్చింది. దాని పాత తేదీల లెక్క మనకెందుకు?

భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. మన రాష్ట్రంలో ఆ గీత కాకినాడకు దగ్గరగా పోతుంది. గుంటూరు దానికి రెండు డిగ్రీల పడమర ఉంది కాబట్టి మన సూర్యుడు సగటున ఎనిమిది నిమిషాలు ఆలస్యం. పంచాంగం చూసి గడియారం దిద్దే పెద్దమనిషిని ఒకరిని చూశాను, అందుకే చెబుతున్నాను.

ఏ సర్వర్లను అడగాలి

మన దేశ ప్రామాణిక కాలాన్ని నిలబెట్టే బాధ్యత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది (ఎన్‌పీఎల్). దాని సర్వర్ టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఓఆర్‌జీ. జాతీయ సమాచార కేంద్రానికి (ఎన్‌ఐసీ) సమయ్1.ఎన్‌ఐసీ.ఇన్, సమయ్2.ఎన్‌ఐసీ.ఇన్ అని రెండున్నాయి. సమయ్ అంటే ఎస్, ఏ, ఎం, ఏ, వై. స్వచ్ఛందంగా నడిచే సర్వర్ల ఉమ్మడి కొలను కావాలంటే 0.ఇన్.పూల్.ఎన్‌టీపీ.ఓఆర్‌జీ; ముందున్న సున్నా బదులు 1, 2, 3 కూడా వాడవచ్చు. 2022 ఏప్రిల్ 28న కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలు తమ గడియారాలను ఎన్‌పీఎల్, ఎన్‌ఐసీ సర్వర్లతోనో, వాటికి అనుసంధానమయ్యే వాటితోనో కలపాలని ఉంది. కంపెనీగా నమోదైనవాళ్లు ఆ వరుసలోనే పోవడం మేలు.

ఎన్ని పెట్టాలి? ఒకటే పెడితే అది తప్పు చెప్పినా తెలియదు. రెండు పెడితే తేడా వచ్చినప్పుడు ఎవరిని నమ్మాలో తెలియదు. మూడింటితో మెజారిటీ తేలుతుంది. ఒకటి మూగబోయినా పని ఆగకూడదంటే నాలుగు. గూగుల్ సర్వర్లను మిగతావాటితో కలపకండి. భూమి తిరిగే వేగంతో గడియారాలను కలపడానికి ఎప్పుడో ఒకసారి చేర్చే లీపు సెకను వచ్చినప్పుడు మిగతావాళ్లు ఒక్కసారిగా ఒక సెకను చేరిస్తే, గూగుల్ దాన్ని ఒక రోజంతా పలచగా పరుస్తుంది. చివరి లీపు సెకను 2017 జనవరి 1న మన గడియారాల్లో తెల్లవారుజామున 5:29:59 తర్వాత వచ్చింది. మళ్లీ వచ్చే సూచన ఇప్పట్లో లేదు, అయినా అలవాటు మంచిదే.

విండోస్‌లో

తేలిక దారి: సెట్టింగ్స్ తెరిచి, టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్. "సెట్ టైమ్ ఆటోమేటికల్లీ" అన్న మీట వెలిగించండి, కింద "సింక్ నౌ" నొక్కండి. మొదటిసారి విఫలమైతే కంగారుపడకండి, రెండోసారి నొక్కితే తరచూ పనిచేస్తుంది.

ఒక్క యంత్రానికి ఇది చాలు. సర్వర్ మార్చాలన్నా, నిజంగా కలిసిందో లేదో చూడాలన్నా కమాండ్ ప్రాంప్ట్ కావాలి. దాన్ని అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, ముందు తేడా కొలవండి:

డబ్ల్యూ32టీఎం /స్ట్రిప్‌చార్ట్ /కంప్యూటర్:టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఓఆర్‌జీ /శాంపిల్స్:5 /డేటాఓన్లీ

అయిదు వరుసలు వస్తాయి. కూడిక గుర్తుతో వస్తే మీ యంత్రం వెనక ఉంది, తీసివేత గుర్తుతో వస్తే ముందుంది. సమయం బదులు లోపం సంకేతం వస్తే సర్వర్ దాకా మాట చేరడం లేదన్నమాట; ఆ సంగతి కిందకు వచ్చాక చూద్దాం. కొలత సరిగా వస్తే సర్వర్లను పెట్టండి:

డబ్ల్యూ32టీఎం /కాన్ఫిగ్ /మాన్యువల్‌పీర్‌లిస్ట్:"టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఓఆర్‌జీ,0ఎక్స్8 సమయ్1.ఎన్‌ఐసీ.ఇన్,0ఎక్స్8 0.ఇన్.పూల్.ఎన్‌టీపీ.ఓఆర్‌జీ,0ఎక్స్8" /సింక్‌ఫ్రమ్‌ఫ్లాగ్స్:మాన్యువల్ /అప్‌డేట్

సర్వర్ పేర్ల మధ్య కామా కాదు, ఖాళీ ఉండాలి. కామా పక్కన ఉన్న 0ఎక్స్8 "నేను అడిగేవాణ్ణి మాత్రమే" అని చెప్పే గుర్తు. తర్వాత సేవను ఆపి మొదలుపెట్టి, వెంటనే అడగమనండి:

నెట్ స్టాప్ డబ్ల్యూ32టైమ్
నెట్ స్టార్ట్ డబ్ల్యూ32టైమ్
డబ్ల్యూ32టీఎం /రీసింక్

ఆఖరుగా డబ్ల్యూ32టీఎం /క్వెరీ /స్టేటస్ కొట్టి "సోర్స్" అన్న వరుస చదవండి. సర్వర్ పేరు ఉంటే పని అయినట్టు. "లోకల్ సీమోస్ క్లాక్" అనో "ఫ్రీ-రన్నింగ్ సిస్టమ్ క్లాక్" అనో ఉంటే, యంత్రం ఇంకా తన స్ఫటికాన్నే నమ్ముకుని ఉంది. "సింక్ నౌ" పక్కన పచ్చగా టిక్కు కనిపించినా నేను ఈ వరుస చూడకుండా లేవను.

రోజూ రాత్రి ఆపేసే యంత్రాల్లో ఇంకొకటి చేయండి. సర్వీసెస్ జాబితాలో "విండోస్ టైమ్" తెరిచి, స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్ చేయండి. పాత విండోస్ తన ఇష్టానికి వదిలేస్తే వారానికి ఒక్కసారే సర్వర్‌ను అడుగుతుంది. ఆ క్షణానికి యంత్రం ఆగి ఉంటే ఆ ఒక్కసారీ పోయినట్టే.

లినక్స్‌లో

ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లకు టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఒక్క ఆదేశం అంతా చూపిస్తుంది. జోన్ పెట్టడానికి:

సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా

ఇక్కడ మాత్రం ఏషియా, కోల్‌కతా మొదటి అక్షరాలు పెద్దవిగా ఉండాలి. మామూలు వాడకానికి "సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ" అంటే సరి. నేను మాత్రం క్రోనీ అనే ఎన్‌టీపీ ప్రోగ్రాము పెట్టుకుంటాను. నెట్ వస్తూ పోతూ ఉండేచోట అది త్వరగా కుదురుకుంటుంది, మన స్ఫటికం ఎంత వేగంగా తప్పుతోందో నేర్చుకుని నెట్ లేనప్పుడూ ఆ మేరకు సర్దుతుంది. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ క్రోనీ" అంటే దిగుతుంది. పేరులో అక్షరాలు సీ, హెచ్, ఆర్, ఓ, ఎన్, వై. దాని అమరిక ఫైలు ఈటీసీ ఫోల్డరులో క్రోనీ ఫోల్డరు కింద ఉంటుంది. అందులో:

సర్వర్ టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఓఆర్‌జీ ఐబర్స్ట్
సర్వర్ సమయ్1.ఎన్‌ఐసీ.ఇన్ ఐబర్స్ట్
పూల్ ఇన్.పూల్.ఎన్‌టీపీ.ఓఆర్‌జీ ఐబర్స్ట్
మేక్‌స్టెప్ 1 3

ఐబర్స్ట్ అంటే మొదట్లో వెంటవెంటనే నాలుగైదుసార్లు అడిగి త్వరగా తేల్చుకోమని. మేక్‌స్టెప్ వరుస భావం: మొదటి మూడు దిద్దుబాట్లలో మాత్రం, తేడా ఒక సెకను దాటితే ఒక్క గెంతులో సరిచేయి. ఆ తర్వాత ఎప్పుడూ గెంతకుండా గడియారాన్ని రవ్వంత వేగంగానో నెమ్మదిగానో నడిపి కలుపుతుంది. పనివేళల్లో చీటీల వరుస చెడకుండా ఉండేది దీనివల్లే.

క్రోనీని మళ్లీ మొదలుపెట్టి, రెండు నిమిషాలాగి "క్రోనీసీ సోర్సెస్" కొట్టండి. పేరుకు ముందు నక్షత్రం ఉన్నదే ప్రస్తుతం నమ్మిన సర్వర్. కూడిక గుర్తున్నవి దానికి తోడు. ప్రశ్నార్థకం ఉన్నవాటి నుంచి సరైన జవాబు అందలేదు. "క్రోనీసీ ట్రాకింగ్" కొడితే ఎంత వెనక ఉందో, ఎంత ముందుందో మాటల్లోనే చెబుతుంది.

నెట్ లేని కాటా గది

కోల్డ్ స్టోరేజీ వాళ్ల అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాటా కంప్యూటర్‌కు కావాలనే నెట్ ఇవ్వలేదు. పిల్లలు ఆటలు దింపుతారని, వైరసు వస్తుందని యజమాని భయం. భయం సబబే. కానీ దాన్ని ఆఫీసు నెట్‌వర్కుకు కలిపే తీగ మాత్రం ఉంది, బిల్లులు అటే పోతాయి.

ఆఫీసులో మూల పడి ఉన్న పాత కంప్యూటర్‌లో లినక్స్, క్రోనీ పెట్టి దానికి 192.168.1.10 అని మారని చిరునామా ఇచ్చాను. అమరిక ఫైలులో ఇంకో రెండు వరుసలు చేర్చాను:

అలౌ 192.168.1.0/24
లోకల్ స్ట్రాటమ్ 10

మొదటిది మన నెట్‌వర్కులోని యంత్రాలు అడిగితే జవాబు చెప్పమని. రెండోది నెట్ పోయినా సమయం చెబుతూనే ఉండమని; అప్పుడు సమయం ఒకటి రెండు సెకన్లు జారినా అందరూ కలిసే జారతారు, చీటీకీ కెమెరాకీ మధ్య తేడా రాదు. స్ట్రాటమ్ 10 అని పెద్ద అంకె ఇవ్వడం, అంతకంటే మంచి సర్వర్ కనిపిస్తే దానికే పెద్దపీట వేయాలని. ఈ యంత్రంలో ఫైర్‌వాల్ నడుస్తుంటే లోపలి నెట్‌వర్కుకు యూడీపీ 123వ పోర్టు, అంటే ఎన్‌టీపీ మాటలు వచ్చిపోయే ద్వారం, తెరవాలి. రౌటరులో బయటి ప్రపంచానికి మాత్రం ఆ పోర్టు తెరవకండి. ఇలా తెరిచి ఉంచిన పాత సర్వర్లను వాడుకుని 2014లో పెద్ద పెద్ద దాడులు జరిగాయి.

తర్వాత కాటా కంప్యూటర్‌లో పైన చెప్పిన విండోస్ ఆదేశమే ఇచ్చాను, మూడు పేర్ల బదులు 192.168.1.10,0ఎక్స్8 ఒక్కటే పెట్టి. ఒక్క సర్వర్ చాలదని ఇందాక చెప్పి ఇప్పుడు ఒక్కటే పెట్టడమేమిటంటారా? ఆ ఒక్కటి బయట ఎన్నింటినో అడిగి వడపోసిన జవాబు ఇస్తోంది. పైగా గడప దాటని యంత్రానికి వేరే దిక్కు లేదు.

కెమెరా రికార్డరు

రికార్డరు మెనూలో ఎన్‌టీపీ అనే పేజీ ఉంటుంది, సాధారణంగా తేదీ-సమయం పక్కనే, కొన్నింటిలో నెట్‌వర్క్ కింద. మీట వెలిగించి, సర్వర్ చోట 192.168.1.10, పోర్టు 123, వ్యవధి 60 నిమిషాలు, జోన్ +05:30 ఇవ్వండి. వేసవి సమయం అనే మీట ఉంటే ఆపండి; మన దేశంలో అది లేదు, వెలిగి ఉంటే ఏడాదిలో కొన్ని నెలలు గంట తేడా చూపిస్తుంది.

బయటి సర్వర్ పేరే ఇస్తే చాలాచోట్ల పనిచేయదు. బిగించినవాళ్లు డీఎన్ఎస్ గడిని ఖాళీగా వదిలేసి ఉంటారు, పేరును చిరునామాగా మార్చే దారి రికార్డరుకు ఉండదు. గేట్‌వే, డీఎన్ఎస్ గడులు నింపితే కుదురుతుంది. మరో మెలిక: కెమెరాలు విడిగా సమయం ముద్రించే రకమైతే రికార్డరును దిద్దినా బొమ్మ మీద పాత సమయమే కనిపిస్తుంది. అప్పుడు ఒక్కో కెమెరాలోకీ వెళ్లక తప్పదు. కోల్డ్ స్టోరేజీలో పదహారు కెమెరాలు, అందులో మూడు ఈ రకానివి. ఏ మూడో కనిపెట్టడానికే గంట పట్టింది.

చిక్కు వస్తే

సర్వర్ దాకా మాట చేరడం లేదంటే, చాలాసార్లు కారణం రౌటరులోనో ఫైర్‌వాల్‌లోనో యూడీపీ 123 బయటికి పోకుండా ఆగిపోవడం. కంప్యూటర్‌ను కాసేపు ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి కొలవండి. అక్కడ పనిచేస్తే తప్పు మీ రౌటరుదో, నెట్ ఇచ్చేవాళ్లదో తేలిపోతుంది.

తేడా సరిగ్గా అయిదున్నర గంటలు ఉంటే, అదీ విండోస్, లినక్స్ రెండూ ఉన్న యంత్రంలో ఉంటే, ఇంకేమీ వెతకకండి. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ యూటీసీ రాస్తుంది, ఒకరు రాసింది ఇంకొకరు తప్పుగా చదువుతారు. లినక్స్‌లో "సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" అంటే అది విండోస్ దారికి వస్తుంది. లినక్స్ ఈ పద్ధతి తనకు ఇష్టం లేదని హెచ్చరిస్తుంది, అయినా పని జరుగుతుంది.

ఫోనులో ఆథెంటికేటర్ యాప్ చూపే ఆరంకెల రహస్య సంఖ్య (ఎస్ఎంఎస్‌లో వచ్చేది కాదు) ప్రతిసారీ తప్పని చూపిస్తోందా? ఆ సంఖ్య 30 సెకన్లకు ఒకసారి గడియారం నుంచే పుడుతుంది. ఫోను సమయం నిమిషం తప్పితే సంఖ్య కూడా తప్పుతుంది. ఫోనులో ఆటోమేటిక్ సమయం వెలిగించండి.

సర్వర్లను సెకనుకోసారి అడిగేలా అమర్చేవాళ్లూ ఉన్నారు. అవసరం లేదు. ఎన్‌టీపీ ప్రోగ్రాములు 64 సెకన్లతో మొదలై, కుదురుకున్నాక 1,024 సెకన్ల దాకా వ్యవధి పెంచుకుంటాయి. అంతకంటే విసిగిస్తే సర్వరే మనకు జవాబు ఇవ్వడం మానేస్తుంది.

వారం తర్వాత కోల్డ్ స్టోరేజీకి మళ్లీ వెళ్లి స్ట్రిప్‌చార్ట్ కొలిచాను. కాటా కంప్యూటర్‌కూ ఆఫీసు సర్వర్‌కూ తేడా 4 మిల్లీసెకన్లు. రికార్డరు బొమ్మ మీద సెకను మారడం, చీటీ అచ్చు సమయం కంటికి తేడా తెలియకుండా కలిశాయి. గుమాస్తా గారు పుస్తకంలో ఆ అంకె రాసుకుని, తల ఎత్తి గోడ గడియారం వంక చూశారు. అది ఇంకా అయిదు నిమిషాలు ముందే ఉంది. "దాన్ని మాత్రం ముట్టుకోకండి, సార్ భోజనానికి దాన్ని చూసే లేస్తారు" అన్నారు.